బాలమణి గారికి అందని ఫొటోలు

ఈ మాట నేనెవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. పెళ్లయ్యాక మా ఆయనకూ చెప్పలేదు. ఏడేళ్లు. మోస్తున్నానని నాకు నేనే ఒప్పుకోకుండా మోశాను. అందుకే కాబోలు ఇంత అలసట. కూర్చున్నచోట కుదురుగా కూర్చోలేను. పని మధ్యలో లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడతాను. ఎందుకు లేచావని ఎవరైనా అడిగితే మంచినీళ్లకని చెబుతాను. అదీ అబద్ధమే, చిన్నది. పెద్దదాన్ని చెప్పడానికి ఇప్పుడు కూర్చున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. బాలమణి అన్నది నేను మార్చి పెట్టిన పేరు. మిగతాదంతా జరిగింది జరిగినట్టే. ఒకవేళ మీరు ఎప్పుడైనా చిరిగిన పోచంపల్లి చీరను ఫొటో తీసి, దిల్‌సుఖ్‌నగర్‌లోని చిరుగులు నేసి బాగుచేసే ఒక చిన్న రఫూ షాపు వెబ్‌సైటుకు పంపి, ఫోన్ వస్తుందేమోనని చూసి చూసి ఊరుకున్నవాళ్లయితే, ఇది అందరికంటే ముందు మీరు వినాల్సిన సంగతి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మాది వనస్థలిపురం. నాన్న ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఇంజనీరింగ్ అయ్యాక నేను చేరిన చిన్న కంపెనీ రెండేళ్లకే మూతబడింది. ఇంట్లో కూర్చున్నాను. ఊరికే కూర్చోలేక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, వెబ్‌సైట్లు తొందరగా తెరుచుకునేలా చేసే పని నేర్చుకున్నాను. అదీ ఒక పనేనా అని చుట్టాలు అడిగేవారు. పనే. సైటు తెరుచుకోవడానికి కాస్త ఆలస్యమైతే చాలు, మనిషి విసుక్కుని వెళ్లిపోతాడని మాకు పాఠం చెప్పారు. జనం ఆగరు, జనానికి ఓపిక లేదు. ఆ వాక్యాన్ని నేను వేదంలా నమ్మాను.

ఆ రోజుల్లోనే అమ్మ పోచంపల్లి చీర కొంగు తలుపు గడియకు పట్టుకుని బెత్తెడు చిరిగింది. ఎవరో చెబితే బాలమణి గారి దగ్గరికి తీసుకెళ్లాం. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక, గడ్డిఅన్నారం వెళ్లే దారిలో ఒక గల్లీలో ఒక్క శటర్ షాపు. పండ్ల మార్కెట్ అప్పటికింకా అక్కడే ఉండేది. లారీల మోత, కుళ్లిన పండ్ల వాసన, మధ్యలో ఈ షాపులో మాత్రం ఒక ట్యూబ్‌లైటు, ఒక పీట, చిన్న చిన్న స్టీలు గిన్నెల్లో రంగులు. యాభై దాటిన మనిషి. పోచంపల్లి దగ్గర మగ్గాల ఇంట్లో పుట్టి, పోగులకు ముడులు వేసి రంగులో ముంచడం చిన్నప్పుడే నేర్చుకున్నారట. ఆ చీరల్లో బొమ్మ నేశాక వేసేది కాదు, పోగుమీదే ముందు రంగు పడుతుంది. అందుకే చిరిగితే బాగుచేయడం చాలా కష్టం. చీర కట్టినప్పుడు లోపలికి పోయే కొసనుంచి ఆమె పోగులు లాగి, ఎక్కడ ఏ రంగు రావాలో అక్కడ ఆ రంగు వేసి, ఒక్కో పోగునూ సూదితో నేసేవారు. పది రోజుల తర్వాత చీర తీసుకున్నప్పుడు చిరుగు ఎక్కడుందో అమ్మే వెతికి పట్టుకోలేకపోయింది.

తన షాపు వెబ్‌సైటు సంగతి ఆమే ఎత్తారు. ఎవరో కాలేజీ లెక్చరర్ తన చీర బాగైందన్న అభిమానంతో చేసి ఇచ్చి, తర్వాత బదిలీ మీద వెళ్లిపోయారట. దూరపు ఊళ్లవాళ్లు చిరుగు ఫొటో తీసి సైటులో పెడితే, అది బాలమణి గారి ఫోన్లోకి మెయిల్‌గా వచ్చేది. చూసి, అవుతుందో కాదో ఆమే ఫోన్ చేసి చెప్పేవారు. తన నంబరు మాత్రం సైటులో పెట్టనివ్వలేదు. పని మధ్యలో ఫోన్ మోగితే పోగు లెక్క తప్పుతుందట. సగం పని ఆ ఫొటోల వల్లే వచ్చేది. కానీ సైటు తెరుచుకోవడానికి ఒక యుగం పడుతోందని కొందరు అంటున్నారని చెప్పారు. నేను చేసి పెడతానన్నాను. ఏమీ తీసుకోనన్నాను. నాకు కావాల్సింది వేరే. ఇంటర్వ్యూలో చూపించడానికి ఒక పని కావాలి. ముందు ఇలా ఉండేది, నేను ముట్టుకున్నాక ఇలా అయిందని చూపించే పని.

వారం రోజులు చేశాను. ఆ వారం నిజంగా సంతోషంగా గడిచింది, అది కూడా చెప్పాలి. బాగుచేసిన చీరల ఫొటోలు గోడకు అంటించేంత పెద్దవి ఉంటే, స్పష్టత చెడకుండా కుదించాను. పైన అటూ ఇటూ కదిలే బొమ్మలు తీసేశాను. ఎవరికీ అక్కర్లేని హంగులన్నీ తీసేశాను. నలభై సెకన్లు పట్టేది రెండు సెకన్లకు దిగింది. ఇక చివరిది, ఫొటో పంపే ఫారం. అంతకుముందు ఫొటో ఎక్కి, మెయిల్ వెళ్లి, అప్పుడుగానీ అందిందని వచ్చేది కాదు. అంతసేపూ పంపినవాళ్లు ఫోను పట్టుకుని కూర్చోవాలి. నేను ఆ పనిని రెండుగా విడగొట్టాను. ఫొటో ముందు సైటు ఉండే సర్వర్లో ఒక ఫోల్డర్లో పడుతుంది. పడీ పడగానే "మీ ఫొటో అందింది, రెండు రోజుల్లో ఫోన్ చేస్తాం" అని తెరమీద వస్తుంది. ఆ ఫోల్డర్లో ఉన్నవాటిని పది నిమిషాలకోసారి తీసి బాలమణి గారి మెయిల్‌కు పంపే పని ఇంకో చిన్న ప్రోగ్రాంది. నా లాప్‌టాప్‌లో అది చక్కగా నడిచింది. అసలు సర్వర్లో దాన్ని విడిగా ఆన్ చేయాలి.

చేయలేదు. మర్చిపోయాను. అమ్మ పిలిస్తే భోజనానికి లేచాను. తిరిగొచ్చి స్పీడ్ స్కోరు చూశాను. పచ్చరంగులో నూటికి తొంభై ఎనిమిది. ఇక దేన్నీ ముట్టుకోబుద్ధి కాలేదు. ఒక ఫొటో పంపి, అది ఆమె ఫోన్లో వచ్చిందో లేదో అడిగి ఉంటే సరిపోయేది. ఒక్క ఫొటో. ఎందుకు అడగలేదు? అంత నమ్మకమా? లేక, ఆ తొంభై ఎనిమిది చూశాక ఆమె ఫోన్ నాకు అనవసరమనిపించిందా?

మర్చిపోవడం తప్పే. కానీ దానికోసమైతే ఇంత రాయను. మరుపు ఎవరికైనా వస్తుంది. నేను చెప్పాల్సింది తర్వాత జరిగింది.

రెండు నెలలకు బాలమణి గారు ఫోన్ చేశారు. ఫొటోలు రావడం లేదు, ఒకసారి చూస్తావా అని. నేను బస్సులో ఉన్నాను. ఫోన్లోనే సైటు తెరిచాను. టక్కున తెరుచుకుంది. బాగానే ఉందాంటీ అన్నాను. ఇంకో నెలకు మళ్లీ చేశారు. అప్పుడూ అదే చెప్పాను. నిజంగానే బాగుందనుకున్నాను. సైటు తెరుచుకుంటే బాగున్నట్టే కదా నాకు. ఈలోగా హైటెక్ సిటీ వైపు ఒక పెద్ద కంపెనీలో మొదటి ఇంటర్వ్యూ అయింది. ఆ సైటే చూపించాను. వాళ్లకు నచ్చింది. షాపామెతో ఒకసారి మాట్లాడతామన్నారు. నంబరిచ్చాను. బాలమణి గారు నా గురించి చాలా మంచిగా చెప్పారట. అప్పటికి మూడు నెలలుగా ఆమెకు ఒక్క ఫొటో రాలేదు. అయినా మంచిగానే చెప్పారు.

ఆఖరి ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం, సైటు లోపలి పనంతా ఒకసారి చూసుకుందామని సర్వర్ తెరిచాను. ఆ ఫోల్డర్ ఖాళీగా ఉండాలి. ఖాళీగా లేదు. నూట నలభై మూడు ఫొటోలు ఉన్నాయి.

ఆ నూట నలభై మూడింటినీ ఒక్క నొక్కుతో ఆమెకు పంపేయొచ్చు. ఆ ప్రోగ్రాం ఆన్ చేస్తే చాలు, అన్నీ వరుసగా వెళ్లిపోతాయి. చెయ్యి మౌస్ మీదే ఉంది. నేను పంపలేదు. ఫొటోలతోపాటు వాళ్లు రాసిన మాటలు చదవడం మొదలుపెట్టాను.

ఎలక కొరికిన చీర. ఇస్త్రీపెట్టె అంటుకుని త్రికోణంగా కాలిన పట్టుచీర. ఖమ్మం నుంచి ఒకామె, అక్కచెల్లెళ్లు ముగ్గురం అమ్మ చీరను వంతులవారీగా కట్టుకుంటున్నాం, నా వంతులోనే చిరిగింది, వాళ్లకు తెలియకముందే బాగుచేయాలి, అని రాసింది. కరీంనగర్ నుంచి ఒకాయన నాలుగుసార్లు పంపారు. భార్య దవాఖానాలో ఉంది, ఇంటికొచ్చేలోగా ఆమె పెళ్లిచీర బాగుచేయించి బీరువాలో పెట్టాలి. రెండోసారి పంపినప్పుడు, మేడమ్ మీరు బిజీగా ఉన్నట్టున్నారు అని మర్యాదగా రాశారు. మూడోసారి తన ఫోన్ నంబరు రెండుసార్లు రాశారు, తప్పుపడిందేమోనని. నాలుగోసారి, ఇక అవసరం లేదండీ, అని మాత్రమే ఉంది. ఎందుకు అవసరం లేదో రాయలేదు.

అయినా పంపలేదు. ప్రతి ఉత్తరం మీదా తేదీ ఉంటుంది. అన్నీ ఒకేసారి వచ్చి పడితే ఎవరికైనా అర్థమవుతుంది. ఎల్లుండి ఇంటర్వ్యూ. వాళ్లు ఆమెకు మళ్లీ ఫోన్ చేస్తే? ముందు ఉద్యోగం రానీ, తర్వాత అన్నీ చెబుతాను అనుకున్నాను. ఇలాంటివి అనుకునేటప్పుడు మనసు ఎంత శుభ్రంగా మాట్లాడుతుందో.

మర్నాడు ఆమె షాపుకు వెళ్లాను. చెప్పడానికే వెళ్లానని ఏళ్ల తరబడి నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? ఏమో. ఆమెకేమైనా అనుమానం వచ్చిందేమో చూసి రావడానికి వెళ్లానేమో. ఈ రెండింటిలో ఏదో ఇప్పటికీ తేల్చుకోలేను.

షాపులో బాలమణి గారు నేలమీద కూర్చుని రంగు గిన్నెలను ఒక్కొక్కటే పేపర్లో చుట్టి అట్టపెట్టెలో పెడుతున్నారు. గోడకున్న చీరలు లేవు.

"ఏంటాంటీ, సర్దుతున్నారు?" అన్నాను.

"ఎల్బీనగర్ల పెద్ద షోరూం బెట్టిండ్రు గద. చీరెలకు ఫాల్స్ కుట్టేటందుకు రమ్మన్నరు. సోమారం సంది పోత."

"మరి షాపు?"

"ఎవ్వలొస్తున్నరు బిడ్డా. గల్లీలకెళ్లి ఇద్దరు ముగ్గురు, గంతే. మొదాలు వారానికి పది ఫొటోలన్న వచ్చేటివి. రేపు శటర్ తాళం ఇచ్చేస్తనని ఓనర్‌కు చెప్పిన."

ఆమె చేతిలోని గిన్నెను ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగారు.

"ఒక్క మాట అడుగుత. గా సైటు సంగతి నాకు తెల్వది, నీకు తెలుసు. దాంట్ల ఏమన్న తప్పున్నదా? ఉంటే జెప్పు. ఇంకో నెల ఆగుత."

అంత సూటిగా అడిగారు. నన్ను అనుమానించి కాదు. నేను తప్పు చేసి ఉంటానన్న ఊహే ఆమెకు లేదు. ఎక్కడో ఏదో చెడిపోయి ఉంటుందేమో, అది బాగయ్యేదైతే ఆగుదామని, అంతే. నా ముందు ఒక్క మాట ఉంది. ఉంది ఆంటీ. అంతే అనాలి. అంటే ఆ గిన్నెలు మళ్లీ పీట దగ్గరికి చేరేవి.

"లేదాంటీ. సైటులో ఏ తప్పూ లేదు," అన్నాను.

అక్కడ ఆగినా కొంత బాగుండేది. ఆగలేదు. ఆమె ముఖం చూడలేక, ఏదో ఒక కారణం చూపించాలని నోరు దానంతటదే కదిలింది.

"ఇప్పుడెవరూ చిరిగిన చీర బాగుచేయించుకోవడం లేదాంటీ. కొత్తది కొనుక్కుంటున్నారు. జనానికి అంత ఓపిక లేదు."

"గంతేనంటవా?"

"అంతే."

"చదువుకున్నదానివి, నువ్వు జెప్తున్నవంటే నిజమే అయితది," అన్నారు. తర్వాత గిన్నెను పేపర్లో చుట్టారు. నేను బయల్దేరుతుంటే మార్కెట్లో తెచ్చిన బత్తాయిల సంచి చేతికిచ్చి, అమ్మకియ్యి అన్నారు. తీసుకున్నాను. బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇంటిదాకా తెచ్చాను. అమ్మ రసం తీసిచ్చింది. తాగాను. వద్దనడానికి ఏ కారణం చెప్పాలో తెలియలేదు.

ఉద్యోగం వచ్చింది. ఆ వారంలోనే ఆమె ఫోన్ చేసి, షాపే లేనప్పుడు ఇగ సైటెందుకు, తీసెయ్యి బిడ్డా అన్నారు. తీసేశాను. ఆ ఫోల్డర్‌ను కూడా. ఆ నూట నలభై మూడింటినీ నా లాప్‌టాప్‌లోకి దింపుకోవడం నిమిషం పని. కావాలంటే ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేసి, బాలమణి గారు ఫలానా చోట ఉన్నారని చెప్పగలిగేదాన్ని. నిజంగా చెరిపేయాలా అని కంప్యూటర్ ఒకసారి అడిగింది. అవునని నొక్కాను. ఒక్కటి కూడా దాచుకోలేదు. దాచుకుంటే సాక్ష్యం నా దగ్గరే ఉన్నట్టవుతుందని భయం. ఎవరికి చూపించే సాక్ష్యం? నన్ను ఎవరూ అడగనే లేదు.

మరుసటేడు కరోనా వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు పొడుగునా శటర్లు పడిపోయాయి. ఈ మాట రాయడం అన్నిటికన్నా కష్టంగా ఉంది. అప్పుడు నేను ఊపిరి పీల్చుకున్నాను. అందరికీ పడ్డ తాళం ఆమెకూ ఎలాగూ పడేదే, ఆమె షోరూంలో చేరడమే నయమైంది, అనుకున్నాను. లోకానికంతా వచ్చిన కష్టాన్ని నా అబద్ధానికి కప్పుకున్నాను. కొన్నాళ్లు అది పనిచేసింది కూడా. తర్వాత షాపులు మళ్లీ తెరుచుకున్నాయి. ఆ గల్లీలో ఆమె శటర్ ఉన్నచోట మొబైల్ కవర్ల షాపు వచ్చింది. నేను ఆ దారిన వెళ్లడం మానేశాను. మెట్రో దిల్‌సుఖ్‌నగర్‌లో ఆగినప్పుడు ఫోన్లోకి చూసేదాన్ని.

ఆఫీసులో పైకొచ్చాను. సైట్లను వేగంగా చేసే బృందానికి ఇప్పుడు నేనే పెద్ద. కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెబుతాను. జనం ఆగరు అనే వాక్యం వచ్చినప్పుడు మాత్రం దాన్ని చదవకుండా దాటేస్తాను. కరీంనగర్ ఆయన నాలుగుసార్లు పంపారు. జనం ఆగారు. నెలల తరబడి ఆగారు. ఆగరని నమ్మింది నేను.

మొన్న శ్రావణంలో ఆడపడుచు సీమంతానికి చీర కొనడానికి ఎల్బీనగర్ వెళ్లాం. పెద్ద షోరూం, మూడంతస్తులు. బాలమణి గారు ఎక్కడో ఎల్బీనగర్‌లో చేస్తారని తెలుసు, ఇదేనని తెలియదు. ఫాల్స్ కుట్టించడానికి పై అంతస్తుకు పంపారు. వరుసగా కూర్చుని కుడుతున్న ఐదారుగురు ఆడవాళ్లలో చివరన ఆమె. మందపాటి కళ్లద్దాలు. నేను గుర్తుపట్టేలోపే ఆమె నన్ను గుర్తుపట్టారు. లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని పక్కవాళ్లకు చూపించారు. నా షాపుకు సైటు జేసిన బిడ్డ గీమెనే, మంచిగ జేసింది, జనమే రాకపోయిరి, అని చెప్పారు. నేనాడిన మాట ఏడేళ్లుగా ఆమె నోట్లో నిజంగా బతుకుతోంది. నన్ను వెనకేసుకురావడానికి కూడా అదే వాడుతున్నారు. ఏదో అన్నాను, నవ్వాను కాబోలు. చీర అక్కడే వదిలేసి కిందికి వచ్చేశాను.

ఆ తర్వాత మూడుసార్లు వెళ్లాను. ఒకసారి షోరూం మెట్లదాకా, ఒకసారి లిఫ్టుదాకా. ఇంకోసారి మెట్రో దిగి, ఫ్లైఓవర్ కింద గంటసేపు అటూ ఇటూ నడిచి, మళ్లీ రైలెక్కాను. చెప్తే ఏమవుతుంది? పోయిన షాపు వస్తుందా? ఆమె ఇప్పుడు నిమ్మళంగా ఉన్నారు కదా, కెలకడం ఎందుకు? ఇదంతా ఆమెమీద జాలేనా? కాదు. నా చెయ్యి పట్టుకుని మంచి బిడ్డ అన్నారే, అది పోతుందని భయం.

నాలుగోసారి చెప్పాను. పోయిన శనివారం. మధ్యాహ్నం తిండికి వాళ్లకు అరగంట ఇస్తారు. షోరూం వెనక మెట్లమీద టిఫిన్ డబ్బా తెరుచుకుని కూర్చున్నారు. పక్కన కూర్చున్నాను. ఫొటోలు వచ్చాయాంటీ, అన్నీ వచ్చాయి, మీకు చేరకుండా నావల్ల ఆగిపోయాయి, మీరు అడిగిన రోజుకి నాకు తెలుసు, తెలిసే లేదని చెప్పాను, తర్వాత చెరిపేశాను. ఇంతే. ఏడేళ్లు మోసింది చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు. ఆమె రెండు ముద్దలు తిన్నారు. తర్వాత డబ్బా మూత పెట్టారు.

"ఎంతమంది?" అన్నారు.

"నూట నలభై మూడు ఫొటోలు."

కింద రోడ్డుమీద ఆటోలు హారన్లు కొడుతున్నాయి.

"నేను జనాన్ని తప్పు పట్టిన," అన్నారు. "తల్లి చీరెలు గూడ పారేస్తున్నరు, గిసుంటోళ్లా మనుషులని. కనవడ్డోళ్లకల్ల గదే చెప్పిన."

నేను క్షమించమని అడగబోయాను. నోరు తెరిచాను కూడా. ఆమె నా వైపు చూడకుండానే అడిగారు.

"ఏం చీరెలు?"

మొదట అర్థం కాలేదు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాను. గుర్తున్నవి గుర్తున్నట్టు. ఎలక కొరికింది. అది అయితుండె, అన్నారు. ఇస్త్రీపెట్టెకు కాలింది. పట్టు కాలితే పోగు నిలవది, గది కాకపోతుండె, అన్నారు. ఖమ్మం అక్కచెల్లెళ్ల చీర ఏ రంగని అడిగారు. నీలం అన్నాను. గా నీలిని రెండుమాట్ల ముంచాలె, అంటూ వేళ్లతో గాలిలో ఏదో కొలిచారు. కరీంనగర్ ఆయన సంగతి చెప్పినప్పుడు మాత్రం డబ్బా మూతను ఇంకోసారి గట్టిగా నొక్కారు. మొత్తం పదకొండు చెప్పగలిగాను.

"మిగతయి?"

"గుర్తు లేవాంటీ. చెరిపేశాను."

"యాద్ జేసుకో. యాదికొస్తే ఒచ్చి జెప్పు." కళ్లద్దాలు సర్దుకుని, "ఇప్పుడు నాకు పోగులు కండ్లవడవు. ఫాల్స్ వరకే. అయినా జెప్పు," అన్నారు.

కోపంగా అన్నారా, మామూలుగా అన్నారా? ఇన్ని రోజులుగా ఆ గొంతును మళ్లీ మళ్లీ వింటున్నాను, తెలియడం లేదు. పర్వాలేదని అనలేదు. పోనీలే అనలేదు. తిట్టలేదు కూడా. పైనుంచి ఎవరో పిలిస్తే డబ్బా తీసుకుని లేచారు. ఇగ నువ్వు పో, అని మెట్లెక్కి వెళ్లిపోయారు.

నేను ఎల్బీనగర్‌లో రైలెక్కలేదు. దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎండలో నడిచాను. ఏడవలేదు. ఏదో తీరిపోయిందని చెప్పను, ఏమీ తీరలేదు. ఆమె కళ్లు రావు, ఆ చీరలు రావు. కానీ నా నోట్లో అబద్ధం లేదు. అంతవరకే తేడా. ఆ కాస్త తేడాకే నడవగలిగాను. ఇప్పుడు మీకు చెబుతున్నది కూడా అందుకే. ఆమెకు చెప్పింది ఆమె ఒక్కరికే తెలుసు. ఆ ఫొటోలు పంపినవాళ్లకు ఎవరు చెబుతారు?

రోజూ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. వంట చేస్తూ, మీటింగులో కూర్చుని. చాలావరకు రంగులే వస్తాయి, మనుషులు రారు. నిన్న సాయంత్రం ఒకటి వచ్చింది. ఆకుపచ్చ చీర, అంచున ఏనుగులు. బండి చక్రంలో కొంగు పడి చిరిగింది. పంపినామె పేరు గుర్తు లేదు, ఊరు గుర్తు లేదు. తొందరేం లేదండీ, మీకు వీలైనప్పుడే చూడండి, అని రాసింది.

రేపు శనివారం. వెళ్లి చెబుతాను.